బడిలో ఇంటి కబుర్లు మొదలుపెట్టడం ఎలా?

ప్రాథమిక పాఠశాలలో కొత్తగా చేరిన టీచర్లు తరచూ అనే మాట ఒకటుంది: "వీళ్లు బయట ఎంత వాగుతారో, తరగతిలో లేపి నిలబెడితే అంత మూగబోతారు." నిజమే. గేటు దగ్గర మేకపిల్ల గురించి, ఊరినుంచి వచ్చిన మేనమామ గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పిన పిల్లాడే, "ఏదీ, నిన్న ఇంటి దగ్గర ఏం చేశావో చెప్పు" అనగానే చేతులు కట్టుకుని పైకప్పు వంక చూస్తాడు. మాటలు రాక కాదు. ఆ ప్రశ్నకు ఒక సరైన జవాబు ఉండే ఉంటుందని, అది తనకు తెలియదని వాడి అనుమానం.

ఇంట్లో చేసిన పనుల్నీ, అక్కడ నేర్చుకున్న సంగతుల్నీ పిల్లలు రోజూ బడిలో పంచుకునే అలవాటు ఎలా మొదలుపెట్టాలో, ఎలా నిలబెట్టుకోవాలో ఇక్కడ చెబుతున్నాను. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు చెప్పే టీచర్ల కోసం ఇది. అమ్మానాన్నలకు పనికొచ్చేదీ కొంత ఉంది. ఖర్చు పెద్దగా లేదు. రోజుకు ఇరవై నిమిషాలు, పాత క్యాలెండర్లు, ఒక స్కెచ్ పెన్నుల ప్యాకెట్టు చాలు. ఓపిక మాత్రం కావాలి, మొదటి రెండు వారాలు మరీనూ.

ముందు కూర్చునే తీరు మార్చండి

హాజరు తీసుకున్న వెంటనే, మొదటి పీరియడ్ మొదట్లోనే ఈ పని పెట్టుకోండి. మధ్యాహ్న భోజనం తర్వాత పిల్లలకు కళ్లు మూతలు పడతాయి, చివరి పీరియడ్‌లో ధ్యాసంతా ఆటల మీద ఉంటుంది. బల్లలుంటే పక్కకు జరిపి, అందర్నీ నేల మీద గుండ్రంగా కూర్చోబెట్టండి. మీరూ వాళ్లతో పాటే కిందే కూర్చోవాలి. మీరు కుర్చీలో ఉండి, వాళ్లు ఒక్కొక్కరే లేచి చెబితే అది పాఠం అప్పజెప్పడమే అవుతుంది.

విద్యాహక్కు చట్టం లెక్క ప్రకారం ప్రాథమిక తరగతుల్లో 30 మంది పిల్లలకు ఒక టీచరు ఉండాలి. ఆ ముప్పై మందీ ఒకేరోజు చెప్పడం కుదిరేది కాదు, చెప్పినా వినేవాళ్లుండరు. రోజుకు ఆరుగురు చొప్పున పెట్టుకుంటే సోమవారం నుంచి శుక్రవారంలోపు అందరి వంతూ వస్తుంది. శనివారం ఎవరికి చెప్పాలనిపిస్తే వాళ్లకు వదిలేయండి. హాజరు పట్టీ వరసలో మాత్రం పిలవకండి. ఆ వరసలో చివర ఉన్న పిల్ల ఏడాదంతా చివరే ఉంటుంది. సోమవారం జట్టు, మంగళవారం జట్టు అని విడదీస్తే, తన వంతు ఎప్పుడో ముందే తెలిసి ఆ సాయంత్రం ఇంట్లో కాస్త కళ్లు తెరుచుకుని చూస్తుంది.

ఏకోపాధ్యాయ పాఠశాల అయితే ఈ పని ఇంకా తేలిక. ఐదు తరగతులూ ఒకే గదిలో ఉంటాయి కాబట్టి, ఐదో తరగతి అక్క చెప్పే తీరు చూసి ఒకటో తరగతి తమ్ముడు తనంతట తనే నేర్చుకుంటాడు.

మొదటి కబురు మీది

మొదటిరోజు పిల్లల్ని ఏమీ అడగకండి. మీ ఇంటి సంగతి ఒకటి చెప్పండి. గొప్పదేం కానక్కరలేదు. "నిన్న మా ఇంట్లో గ్యాస్ అయిపోయింది. కరెంటు కుక్కర్లో ఉప్మా చేద్దామని చూశాను. అడుగంటి మాడింది. గిన్నె ఇంకా నానుతోంది." అంతే, నాలుగు ముక్కలు. టీచర్ ఇంట్లోనూ ఉప్మా మాడుతుందని తెలిశాక పిల్లలకు ధైర్యం వస్తుంది. "మా అమ్మకీ మాడింది టీచర్!" అని ఎవరో ఒకరు అననే అంటారు. వాళ్లను ఆపకండి.

ఏదీ మొదటిరోజే కుదురుకోదు. గిజుభాయి బధేకా రాసిన 'దివాస్వప్న'లో, తెలుగులో అది 'పగటి కల'గా వచ్చింది, కొత్త పద్ధతుల మీద గంపెడు ఆశతో తరగతిలోకి వెళ్లిన టీచరు మొదటిరోజే నిశ్శబ్దం ఆట ఆడించబోయి గోలతో తల పట్టుకుంటాడు. మర్నాడు కథ ఎత్తుకున్నాకే తరగతి ఆయన దారికి వస్తుంది. మీ తరగతీ అలాగే వస్తుంది.

ఇక పిల్లల వంతు మొదలయ్యాక మొదటి వారమంతా మీకు వినిపించేది ఇదీ: "పొద్దున్నే లేచాను. పళ్లు తోముకున్నాను. స్నానం చేశాను. టిఫిన్ తిన్నాను. బడికి వచ్చాను." ఆరుగురూ ఇదే చెబుతారు. స్నానం చెయ్యకుండా వచ్చినవాడూ స్నానం చేశాననే చెబుతాడు. 'మంచి అలవాట్లు' పాఠం వాళ్లకు అంత బాగా వచ్చన్నమాట. దీనికి విసుక్కోనక్కరలేదు, ప్రశ్న మారిస్తే చాలు.

అడగాల్సినవి, అడగకూడనివి

"నిన్న ఏం చేశావు?" అన్నది పెద్దవాళ్లకే కష్టమైన ప్రశ్న. దాన్ని చిన్నది చేయండి. "నిన్న బడి వదిలాక సంచి ఎక్కడ పడేశావు? తర్వాత ఎటు వెళ్లావు?" "రాత్రి కూరకు ఏం తరిగారు, ఎవరు తరిగారు?" "నీ చేత్తో నువ్వే చేసిన పని ఒకటి చెప్పు." "ఇంట్లో నీకు ఎవరైనా ఏదైనా చూపించి, ఇదిగో ఇలా చెయ్యాలి అన్నారా?" ఈ చివరి ప్రశ్న నాకు చాలా ఇష్టం. ఇంట్లో జరిగే చదువంతా దాంట్లోంచే బయటికొస్తుంది. బిందె చంకన పెట్టుకోవడం, దారం ముడి వేయడం, గేదె తన్నకుండా పక్కన నిలబడటం, దోసె తిరగేయడం, సెల్‌ఫోన్‌లో తాతకు నంబరు వెతికిపెట్టడం, అన్నీ.

అడగకూడనివి కొన్నున్నాయి. ఏం తిన్నావు, సెలవులకు ఎక్కడికి వెళ్లావు, పుట్టినరోజుకు ఏం కొన్నారు, మీ నాన్న ఏం చేస్తాడు. ఇవి మర్యాదగా వినిపిస్తాయి గానీ, ఎవరి ఇంట్లో ఉంది, ఎవరి ఇంట్లో లేదు అన్నది తరగతి మధ్యలో పరిచిపెడతాయి. తిండి విషయంలోనైతే కులమూ బయటపడుతుంది. పిల్లలు వాళ్లంతట వాళ్లు చెబితే హాయిగా వినండి. మీరుగా అడగొద్దు. "ఇంటి దగ్గర ఎంతసేపు చదివావు?" కూడా ఈ జాబితాలోదే. ఆ ఒక్క ప్రశ్నతో ఇరవై నిమిషాలూ హోంవర్కు తనిఖీగా మారిపోతాయి, పిల్లలు అబద్ధాలు వెతుక్కుంటారు.

వినడమే అసలు పని

ఒక పిల్ల ఇలా చెప్పిందనుకోండి. మూడో తరగతి.

"మా అమ్మ పూలు కడుతుంటే నేను అందించాను టీచర్."

ఇక్కడ చాలామంది "వెరీ గుడ్, కూర్చో" అంటారు. పక్కనున్నవాళ్లు చప్పట్లు కొడతారు. కబురు చచ్చిపోతుంది. పైగా ఆ చప్పట్లు ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ పడతాయి. అది పిల్లలు లెక్కపెట్టుకుంటారు. మెచ్చుకోవడం మాని ఒక చిన్న ప్రశ్న వేయండి.

"ఎలా అందించావమ్మా?"

"రెండు ఇటు, రెండు అటు పెట్టి, కాడలు కలిపి. మొగ్గ విచ్చుకుంటే తీసేసి పక్కన పెట్టాలి."

"మూరకు ఎన్ని పడతాయి?"

"తెలీదు. అమ్మ చేత్తో కొలుస్తుంది. కొనేవాళ్లు నీ మూర చిన్నది అంటారు."

అంతలో ఇంకెవరో, "మా నాయనమ్మ మూర పెద్దది టీచర్!"

ఈ మాట దగ్గర కబురు లెక్కల పాఠంలోకి దారి తీసింది. ఆరోజు లెక్కల పీరియడ్‌లో దారపు ఉండ ఒకటి పట్టుకెళ్లండి. ప్రతి పిల్లా మోచేతి నుంచి నడివేలి కొన దాకా తన మూరను కొలిచి దారం కత్తిరించుకోవాలి. మీదీ ఒకటి. దారాలన్నీ గోడకు వరసగా అతికించి, స్కేలుతో కొలవమనండి. పెద్దవాళ్ల మూర ఇంచుమించు 45 సెంటీమీటర్లు ఉంటుంది. ఎనిమిదేళ్ల పిల్లలది దానికంటే బాగా పొట్టిగా, అందరిదీ తలో కొలతగా వస్తుంది. "మరి పూలమ్మే ఆవిడ మూర పొట్టిదైతే ఎవరికి లాభం?" అని అడిగి ఊరుకోండి. వాళ్లే వాదించుకుంటారు. సెంటీమీటరు ఎందుకు పుట్టిందో చెప్పడానికి ఇంతకంటే మంచి సందర్భం ఏ పుస్తకంలోనూ దొరకదు. అన్నిటికంటే ముఖ్యం, ఆరోజు ఆ పూలపిల్ల తరగతికి తెలియని సంగతి చెప్పిన మనిషి. రేపు వాళ్లమ్మను అడిగి మూరకు ఎన్ని మొగ్గలో లెక్కపెట్టుకొచ్చేదీ ఆ పిల్లే.

ప్రతి కబురూ పాఠం కానక్కరలేదు. వారానికి ఒకటి అలా దొరికితే చాలా ఎక్కువ. మిగతావి విని, నవ్వి, వదిలేయండి. మాట మాటకూ గుణింతమో గుణకారమో తగిలిస్తే పిల్లలు నోరు మూసుకుంటారు.

వాళ్ల మాటలోనే

"నిన్న మా తాత నన్ను అంగడికి తోల్కపోయిండు" అని ఒక పిల్ల అంటే, "తోల్కపోయిండు కాదు, తీసుకెళ్లాడు" అని సరిదిద్దకండి. ఆ తర్వాతి వాక్యం మీకు దక్కదు. కరీంనగర్‌లోనైనా, కదిరిలోనైనా, టెక్కలిలోనైనా ఆ ఇరవై నిమిషాలూ ఇంటి మాటే నడవాలి. పుస్తకపు భాష నేర్పడానికి రోజులో ఇంకా ఐదారు గంటలున్నాయి.

పాడేరు, సీతంపేట, ఉట్నూరు వైపు బడుల్లో ఇంటి భాషే వేరు. సవర, కువి, గోండి, కొలామీ మాట్లాడే పిల్లలుంటారు. ఉమ్మడి రాష్ట్రంలో ఇలాంటి గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టే ప్రయత్నం జరిగిందీ అందుకే. మీకు ఆ భాష రాకపోతే పిల్లాణ్ని వాడి భాషలోనే చెప్పనిచ్చి, రెండు భాషలూ వచ్చిన పెద్ద పిల్లతో తెలుగులో చెప్పించుకోండి. వచ్చీరాని తెలుగులో మూడు ముక్కలు చెప్పించడం కంటే ఇది మేలు.

కాగితం మీదికి

మాట్లాడటం కుదురుకున్నాక, అంటే మూడో వారానికి, రాయడం మొదలుపెట్టండి. ఆరోజు చెప్పిన ఆరుగురి నుంచి ఒక్కో వాక్యం తీసుకుని, వాళ్లన్న మాటల్లోనే, పేరు పెట్టి చార్టు మీద పెద్ద అక్షరాలతో రాయండి. చార్టులు దొరక్కపోతే పాత క్యాలెండరు వెనక వైపు శుభ్రంగా ఉంటుంది. ఒకటో తరగతి వాళ్లు పక్కన బొమ్మ వేస్తారు. నాలుగు, ఐదు వాళ్లు తమది తామే రాసుకుంటారు.

అక్షరాలు ఇంకా పట్టుబడని పిల్లలు కూడా తమ వాక్యాన్ని చదివేస్తారు. అందులో ఏముందో వాళ్లకు ముందే తెలుసు కదా. కంఠతా చెబుతున్నట్టే ఉంటుంది గానీ, వేలు పెట్టి చూపిస్తూ చెప్పమంటే రెండు మూడు వారాల్లో 'అమ్మ', 'మేక', 'పోయిన' ఎక్కడున్నాయో వాళ్లకు తెలిసిపోతుంది. ఫ్రాన్స్‌లో సెలెస్తాఁ ఫ్రేనే అనే పల్లెటూరి బడిపంతులు 1920లలోనే ఈ దారి పట్టాడు. తరగతిలో చిన్న అచ్చుయంత్రం పెట్టించి, పిల్లలు తమ ఇల్లూ పొలమూ గురించి రాసుకున్నవి వాళ్ల చేతే అచ్చు వేయించి, దూరాన ఉన్న వేరే బడి పిల్లలకు పంపేవాడు. వాళ్లు తమవి తిరిగి పంపేవాళ్లు. మీకు అచ్చుయంత్రం అక్కర్లేదు. పక్క మండలంలో పనిచేసే స్నేహితురాలు ఉంటే చాలు. నెలకోసారి పోస్టులో ఒక కవరు పంపండి. తమ కోసం కవరొచ్చిందంటే ఐదో తరగతి పిల్లలు దాన్ని ఎన్నిసార్లు చదువుతారో చూద్దురు గాని.

నెలాఖరుకు ఈ కాగితాలన్నీ దబ్బనంతో కుట్టి, అట్ట వేసి, లైబ్రరీ మూలలో పెట్టండి. ఎర్ర పెన్ను వీటి దగ్గరికి రాకూడదు. ఒత్తులు తప్పుతాయి, దీర్ఘాలు ఎగిరిపోతాయి. ఎక్కువమంది చేసే తప్పేదో గుర్తుపెట్టుకుని, దాన్ని మర్నాడు తెలుగు పీరియడ్‌లో ఎవరి పేరూ ఎత్తకుండా నేర్పండి.

ఇంటికి పంపే చిన్న పనులు

కబుర్లు అడుగంటినట్టు అనిపించినప్పుడు, పిల్లలకు ఇంటి దగ్గర చూసి రమ్మని ఒక పని చెప్పండి. కొనాల్సింది ఏదీ ఉండకూడదు, అమ్మకు అదనపు చాకిరీ కాకూడదు. ఉదాహరణకు, కరెంటు మీటరు అంకె ఇవాళ రాత్రి రాసుకుని, రేపు రాత్రి మళ్లీ రాసుకుని, తీసివేత చేయడం. గ్యాస్ బండ మీద రాసి ఉన్న 14.2 ఏమిటో ఇంట్లో అడగడం. వండే బియ్యం ఏ గిన్నెతో కొలుస్తారు, చుట్టాలొస్తే ఎన్ని ఎక్కువ పోస్తారో చూడటం. సోల, తవ్వ, మానిక ఇంట్లో ఉన్నాయేమో నాయనమ్మను అడగడం. కొన్ని ఇళ్లలో అటక మీంచి నిజంగానే మానిక దిగుతుంది. దాన్ని మర్నాడు తరగతికి తెస్తే ఇసుకతో కొలిచి చూడొచ్చు.

అమ్మానాన్నలకు ఒక మాట. "మాకు చదువు రాదు, మేమేం నేర్పిస్తాం" అనుకోవద్దు. పని చేస్తున్నప్పుడు పిల్లను పక్కన నిలబెట్టుకుని, చేస్తున్నది పైకి చెప్పండి: ఇప్పుడు పోపు పెడుతున్నా, ఆవాలు చిటపటలాడాక జీలకర్ర వేస్తా. అంతే మీ వంతు. తను బడిలో చెప్పాల్సింది మీరు రాసిచ్చి బట్టీ పట్టించకండి. అలా చేస్తే టీచరుకు మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది.

ఫోన్ల సంగతి కూడా చెప్పాలి. కరోనా కాలంలో, 2020లో బడులు మూతపడ్డాక, పాఠాలు టీవీలోకీ ఫోన్లోకీ వెళ్లాయి. పిల్లలు ఇంట్లో చేసిన పనుల ఫొటోలు, వీడియోలు తరగతి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం అప్పుడే అలవాటైంది. ఆ అలవాటు కొన్నిచోట్ల ఇంకా పోలేదు. నాకైతే అది నచ్చదు. మంచి ఫోన్ లేని ఇంటి పిల్ల ఆ గ్రూపులో ఉండదు. ఉన్నవాళ్లలోనూ వీడియో అందం అమ్మదే. పైగా 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి చేసింది. పంపాలనే ఉంటే పిల్ల గీసిన బొమ్మో రాసిన కాగితమో ఫొటో తీసి, ముఖం లేకుండా, ఇంట్లోవాళ్లను అడిగి పంపండి. స్టేటస్‌లో పెట్టొద్దు.

నోరు విప్పని పిల్ల, పులిని చూసిన పిల్లాడు

కొందరు నెల గడిచినా మాట్లాడరు. "ఈరోజు వద్దు" అనే హక్కు వాళ్లకు మొదటిరోజే ఇవ్వండి. ఇంటి నుంచి ఏదైనా తెచ్చి చూపించమనండి: గోరింటాకు, చింతగింజలు, తెగిన గాలిపటం. చేతిలో వస్తువుంటే మాట వెనకే వస్తుంది. రాకపోయినా, ఆ పిల్ల వింటోంది. అదీ లెక్కలోకే.

ఇంకొకడు ఉంటాడు. "నిన్న మా ఇంటికి పులి వచ్చింది. మా నాన్న కర్రతో కొట్టి తరిమేశాడు." అబద్ధమని తరగతంతా గోల పెడుతుంది. మీరు మాత్రం పులి ఏ వైపు నుంచి వచ్చిందో, కుక్క మొరిగిందో లేదో అడగండి. చివర్లో "ఇది కథల కాగితంలో రాద్దామా, నిజం కబుర్ల కాగితంలోనా?" అంటే వాడే నవ్వి కథల కాగితం చూపిస్తాడు. మీకు ఒక కథకుడు దొరికాడు.

కష్టమైన మాట వచ్చినప్పుడు

ఇది జరుగుతుంది, దానికి సిద్ధపడే మొదలుపెట్టండి. ఏదో ఒక పొద్దున ఒక పిల్ల మామూలు గొంతుతోనే అంటుంది: "రాత్రి నాన్న తాగొచ్చి అమ్మను కొట్టాడు." గది నిశ్శబ్దమైపోతుంది. "అలాంటివి ఇక్కడ చెప్పకూడదు" అనకండి. అందరి ముందూ గుచ్చి గుచ్చి అడగనూ వద్దు. "చెప్పావు, మంచి పని చేశావు. మనిద్దరం తర్వాత మాట్లాడుకుందాం" అని, పక్క పిల్లకు వంతు ఇవ్వండి. ఆ తర్వాత నిజంగానే మాట్లాడండి, మర్చిపోవద్దు. ఆ మాట చార్టు మీదికి రాకూడదు. స్టాఫ్ రూములో టీ తాగుతూ చెప్పుకునేది అసలే కాదు.

పిల్లకు దెబ్బలు తగులుతున్నాయనో, ఇంట్లో భద్రత లేదనో అనిపిస్తే ప్రధానోపాధ్యాయులకు చెప్పి 1098కి ఫోన్ చేయండి. అది పిల్లల సహాయ నంబరు, రాత్రీ పగలూ పనిచేస్తుంది. లైంగిక వేధింపు సంగతైతే ఆలోచించుకునే వెసులుబాటు మీకు లేదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, దాచిపెట్టడం నేరం. పత్తి ఏరడానికో మిరపకాయలు కోయడానికో వెళ్లానని చెప్పే పిల్లలూ ఉంటారు. బడి అయ్యాక ఇంటి పొలంలో అమ్మకు సాయపడటం వేరు, బడి మానేసి కూలికి పోవడం వేరు. రెండోది వినిపిస్తే ఆ సాయంత్రమే ఇంటికి వెళ్లి రండి.

పై అధికారి అడిగితే

తనిఖీకి వచ్చినవారు "ఈ ఇరవై నిమిషాలు ఏ పాఠం కిందికి వస్తాయి?" అని అడగొచ్చు. వినడం, ఆలోచించి మాట్లాడటం అన్నవి తెలుగు వాచకాల అభ్యాసాల్లో ముందుండేవే, పాఠ్య ప్రణాళికలో వాటి కింద రాసుకోండి. విద్యాహక్కు చట్టం 29వ సెక్షను కూడా, పిల్లలు భయం లేకుండా తమ అభిప్రాయం చెప్పుకునేలా బోధన ఉండాలని స్పష్టంగా చెబుతోంది. తల్లిదండ్రుల సమావేశం రోజున మార్కుల పట్టీలకంటే ముందు ఈ కుట్టిన పుస్తకాలు బల్ల మీద పెట్టండి. చదువు రాని తల్లులు తమ పిల్ల చేత చదివించుకుంటారు.

మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక సమయం చాలదని ముందుగా కోత పెట్టేది దీనికే. పది నిమిషాలకు కుదించండి, ఆరుగురికి బదులు ముగ్గురితో చెప్పించండి, చార్టు వారానికి ఒకటి చాలు. పూర్తిగా ఆపేస్తే మాత్రం జూన్‌లో మళ్లీ పళ్లు తోముకోవడం దగ్గర్నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది.